ఇల్లంతా గజ్జి: నవ లేనివాళ్ళకు కూడా అదే రాత్రి మందు ఎందుకు పూయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పెద్దబ్బాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులకు పలమనేరు వచ్చినప్పుడు వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ చిన్న చిన్న పొక్కులు, రాత్రయితే పట్టలేనంత నవ. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గినట్టే తగ్గింది. వాడు తిరిగి హాస్టలుకు వెళ్ళిన నెలకు ఎనిమిదేళ్ళ పాపకు, అవ్వకు మొదలైంది. ఇప్పుడు పది నెలల చంటిబిడ్డకు అరికాళ్ళలో పొక్కులు. దుప్పట్లు ఉడకబెట్టారు, ఇల్లు ఫినాయిలుతో కడిగారు, కుక్కను బయట కట్టేశారు. మీకూ మీవారికీ ఏమీ లేదు. ఇంత చేసినా ఎందుకు పోవడం లేదని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది గజ్జే. ఇంట్లో ఉన్న ఆరుగురూ, నవ ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి 5 శాతం పర్‌మెత్రిన్ క్రీము ఒళ్ళంతా పూసుకోవాలి. పొద్దున స్నానం చేయాలి. సరిగ్గా వారానికి అందరూ మళ్ళీ ఒకసారి పూసుకోవాలి. మీ ఇంట్లో ఇన్నాళ్ళూ తప్పిపోయింది మీరూ మీవారూ. మీకు నవ లేదు కాబట్టి మీకు గజ్జి లేదనుకున్నారు, ఆ లెక్క ఈ జబ్బుకు సరిపోదు. చంటిబిడ్డ ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందు ఒక్కసారి చర్మవ్యాధుల డాక్టరుకు బిడ్డను, అబ్బాయిని చూపించండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో దీనికి ఓపీ ఉంది, మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో చూపించినా సరిపోతుంది.

కారణం తెలిస్తే ఈ పనిని సగంలో వదలరు. అందుకే మిగతాది వివరంగా రాస్తున్నాను.

గజ్జికి కారణం సార్కాప్టిస్ స్కేబీ అనే ఎనిమిది కాళ్ళ జీవి. గోమార్ల వర్గానికి చెందినది. ఆడది మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, మగది ఇంకా చిన్నది. మామూలు కంటికి దాదాపు కనబడదు. ఆడది చర్మం పై పొరలో, చెదపురుగు గోడలో దారి చేసుకున్నట్టు, సొరంగం తవ్వుకుంటూ పోతుంది. పోతూ పోతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. గుడ్డు 3, 4 రోజుల్లో పొదుగుతుంది. పిల్ల బయటికొచ్చి పెరిగి మళ్ళీ గుడ్లు పెట్టే స్థితికి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆడది నెల నుంచి రెండు నెలలు బతుకుతుంది.

ఒళ్ళంతా పొక్కులు చూసి వేలకొద్దీ పురుగులుంటాయని భయపడతారు. మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటి మీద ఉండే పెద్ద పురుగులు సగటున 10 నుంచి 15 మాత్రమే. మిగతా దద్దుర్లు, పొక్కులు, నవ అన్నీ ఆ పురుగుకు, దాని గుడ్లకు, మలానికి మన ఒళ్ళు చూపించే ప్రతిచర్య. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద రాసేవాటిలో సగం దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

నవ ఆలస్యంగా ఎందుకు మొదలవుతుంది

పురుగు ఒంట్లోకి చేరిన రోజే నవ రాదు. దాన్ని పరాయిదని ఒళ్ళు గుర్తుపట్టి ఎదురుతిరగడానికి, మొదటిసారి పట్టుకున్నవాళ్ళలో 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ నెల నెలన్నరా మనిషి చూడ్డానికి బాగానే ఉంటాడు, గీరుకోడు, అయినా పక్కన పడుకున్నవాళ్ళకు అంటిస్తూనే ఉంటాడు. మీ అబ్బాయి సంక్రాంతికి వచ్చాడు, నెలకు పాపకు, అవ్వకు మొదలైంది. లెక్క సరిగ్గా కుదిరింది కదా. బిడ్డకు ఇప్పుడు వచ్చిందంటే, బిడ్డను రోజంతా ఎత్తుకునే మీ ఒంటి మీద పురుగు ఉండే అవకాశమే ఎక్కువ.

ఒకసారి గజ్జి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ అంటుకుంటే మాత్రం ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే నవ మొదలవుతుంది, ఎందుకంటే ఒళ్ళు దాన్ని ముందే ఎరుగును. మీ అబ్బాయి హాస్టలుకు తిరిగి వెళ్ళగానే రెండు రోజుల్లో మళ్ళీ గీరుకోవడం మొదలుపెట్టాడని రాశారు. మందు పనిచేయలేదని కాకుండా, ఆ గదిలోనే మళ్ళీ అంటుకుందని కూడా దానికి అర్థం ఉండొచ్చు.

ఎలా అంటుకుంటుంది, ఎలా అంటుకోదు

ఈ పురుగు ఎగరదు, దూకదు. నడుస్తుంది, అది కూడా మెల్లగా. ఒకరి చర్మం ఇంకొకరి చర్మానికి కాసేపు, అంటే ఒక పదీ ఇరవై నిమిషాలు, ఆనుకుని ఉండాలి. ఒకే పరుపు మీద పడుకోవడం, బిడ్డను చంకనేసుకోవడం, బిడ్డకు పాలివ్వడం, భార్యాభర్తల కలయిక, మంచంలో ఉన్న పెద్దవాళ్ళకు ఒళ్ళు తుడిచి సేవ చేయడం, చలికాలంలో ఇద్దరు పిల్లలు ఒకే దుప్పట్లో దూరడం: అంటుకునే దారులు ఇవి. కరచాలనం, బస్సులో పక్కన కూర్చోవడం, క్లాసులో ఒకే బెంచీ, వీటితో అంటుకునే అవకాశం బాగా తక్కువ.

తిరుమల క్యూలో, కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి జనం మధ్య ఉంటే వస్తుందా అని మా దగ్గర చాలామంది అడుగుతారు. బట్టల మీద నుంచి భుజం భుజం రాసుకున్నంత మాత్రాన రాదు. సత్రం హాల్లో అందరూ వాడిన చాప మీద, అద్దె దుప్పటి మీద ఒక రాత్రి పడుకుంటే కొద్దిగా అవకాశం ఉంది, ఎక్కువ కాదు. పైన కప్పుకోవడానికి ఒక దుప్పటి, కింద పరుచుకోవడానికి ఒక దుప్పటి ఇంటినుంచి తీసుకెళ్తే చాలు. గుండు కొట్టించుకోవడం వల్ల గజ్జి రాదు. పెద్దవాళ్ళకు మామూలుగా తల మీద ఈ పురుగు ఉండదు.

బట్టల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరి శ్రమా అక్కడే వృథా అవుతోంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త దీన్ని మనుషుల మీదే పరీక్షించాడు. ముందుకొచ్చిన వాలంటీర్లను గజ్జి ఉన్న సైనికులు వాడిన కంబళ్ళలో పడుకోబెట్టాడు, వాళ్ళు విడిచిన లోదుస్తులు వేయించాడు. అంటుకున్నది అతి కొద్దిమందికే. గజ్జి ఉన్న మనిషి పక్కన పడుకున్నప్పుడు మాత్రం అంటుకుంది. అప్పటిదాకా అక్కడ సైన్యం ఎంతో ఖర్చుపెట్టి కంబళ్ళను మరిగిస్తూ ఉండేది. ఒంటి వెచ్చదనం నుంచి విడిపోయిన పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. మీరు ఇన్ని వారాలుగా దుప్పట్లు ఉడకబెడుతున్నారు, మనుషులకు మాత్రం మందు పూయలేదు.

నీళ్ళ వల్ల రాదు. తిండి వల్ల రాదు. వంకాయ, ఎండుచేపలు మానేస్తే తగ్గదు, పథ్యం పెట్టి అవ్వను నీరసపెట్టకండి. ఒంట్లో వేడి వల్ల, రక్తం చెడిపోవడం వల్ల వస్తుందన్న నమ్మకం మన దగ్గరే కాదు, ఒకప్పుడు యూరప్ అంతటా ఉండేది. 1687లో ఇటలీలో బొనోమో, చెస్టోని అనే ఇద్దరు సూక్ష్మదర్శినితో పురుగును చూసి, గజ్జికి కారణం అదేనని రాశాక కూడా ఆ నమ్మకం పోవడానికి చాలాకాలం పట్టింది. రక్తశుద్ధి టానిక్కుల మీద పెట్టే డబ్బుతో క్రీము కొనండి.

శుభ్రత లేనివాళ్ళకే వస్తుందన్నదీ నిజం కాదు. సొరంగంలో ఉన్న పురుగు సబ్బుకు, స్నానానికి పోదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్ళకూ వస్తుంది. ఇరుకు గదిలో ఎక్కువమంది దగ్గర దగ్గరగా పడుకునే చోట ఎక్కువగా పాకుతుంది, అంతే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సిగ్గుపడి దాచడం వల్ల మాత్రం పక్కవాళ్ళకు పాకుతుంది.

చర్మం మీద ఎక్కడ చూడాలి

వేళ్ళ సందులు, మణికట్టు లోపలివైపు, మోచేతులు, చంకలు, బొడ్డు చుట్టూ, మొలతాడు కట్టే చోటు, పిరుదులు, తొడల లోపలివైపు. ఆడవాళ్ళకు రొమ్ముల మొనల చుట్టూ. మగవాళ్ళకు మర్మాంగం మీద, వృషణాల సంచి మీద గట్టిగా, ఎర్రగా, బఠాణీ కంటే చిన్నగా ఉండే బుడిపెలు. ఈ బుడిపెలు గజ్జికి చాలా గట్టి గుర్తు. కానీ ఇంటర్ చదివే పిల్లోడు అమ్మకు చెప్పడు. వాళ్ళ నాన్నను అడగమనండి. పెద్దవాళ్ళలో ముఖం, తల సాధారణంగా బాగానే ఉంటాయి. చంటిబిడ్డల్లో మాత్రం అరచేతులు, అరికాళ్ళు, ముఖం, మాడు అన్నిచోట్లా వస్తుంది. అరికాళ్ళలో నీటిపొక్కులు, చీముపొక్కులు కనిపించిన చంటిబిడ్డ ఉంటే, ఆ ఇంట్లో మిగతావాళ్ళ వేళ్ళ సందులు చూడడం మాకు మొదటి పని.

జాగ్రత్తగా చూస్తే వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పొడవున సన్నని, వంకర టింకర గీత కనబడుతుంది. అదే సొరంగం. కొస దగ్గర చిన్న నల్లటి చుక్క ఉంటే అక్కడ పురుగు ఉందన్నమాట. డాక్టర్లు అక్కడ సిరా పూసి స్పిరిటుతో తుడుస్తారు. పైనున్న సిరా పోతుంది, సొరంగంలోకి దిగినది గీతలా మిగిలిపోతుంది. చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మోస్కోపు ఉంటే పురుగు తలభాగం చిన్న ముదురు త్రికోణంలా కనిపిస్తుంది. రక్తపరీక్షలతో పనిలేదు. సొరంగం దొరక్కపోయినా, రాత్రిపూట పెరిగే నవ, సరైన చోట్లలో పొక్కులు, ఇంట్లో ఇంకొకరికి అవే లక్షణాలు, ఈ మూడూ కలిస్తే వైద్యం మొదలుపెడతాం.

గజ్జి, తామర అని జనం కలిపే అంటారు గానీ రెండూ వేరు, మందులూ వేరు. తామర ఫంగస్ వల్ల వస్తుంది. అంచు ఎర్రగా లేచి, మధ్యలో చర్మం మామూలుగా, గుండ్రటి మచ్చలా పెరుగుతుంది. తామర ట్యూబు గజ్జి పురుగును చంపదు.

మెడికల్ షాపు ట్యూబు చేసిన పని

మీరు ఫొటో పెట్టిన ట్యూబులో మూడు మందులున్నాయి: ఒక బలమైన స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. పురుగును చంపేది ఒక్కటీ లేదు. స్టెరాయిడ్ ఒంటి ప్రతిచర్యను అణుస్తుంది కాబట్టి ఎర్రదనం, నవ రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. అడ్డుకునేది తగ్గేసరికి పురుగు మాత్రం నిశ్చింతగా పెరుగుతుంది. దద్దుర్ల రూపం కూడా మారిపోయి, తర్వాత చూసే డాక్టరుకు గజ్జి అని పోల్చుకోవడం కష్టమవుతుంది. గజ్జల్లో, తొడల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, చారలు పడతాయి, ఆ చారలు పోవు. ఈ రకం ట్యూబులు అడగ్గానే చేతిలో పెట్టడం వల్ల ఎంతమంది పిల్లల చర్మం పాడవుతోందో ఓపీలో చూస్తుంటే బాధగా ఉంటుంది. దయచేసి ఆ ట్యూబు పారేయండి. చంటిబిడ్డకు అసలే రాయకండి.

మందు ఎంత, ఎలా

పర్‌మెత్రిన్ 5 శాతం క్రీమే అడగండి. 1 శాతం లోషన్ పేలకు వాడేది, గజ్జికి చాలదు. ఒకసారి పూతకు పెద్దవాళ్ళకు, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు 30 గ్రాములు పడుతుంది, లావుగా ఉన్నవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ. ఆరు నుంచి పన్నెండేళ్ళవాళ్ళకు 15 గ్రాములు, ఒకటి నుంచి ఐదేళ్ళవాళ్ళకు ఏడెనిమిది గ్రాములు, రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకు సుమారు 4 గ్రాములు. మీ ఇంటి లెక్క: మీరు, మీవారు, అవ్వ, అబ్బాయి కలిసి 120, పాపకు 15, బిడ్డకు 4, మొత్తం 139 గ్రాములు. అంటే ఒక పూతకు 30 గ్రాముల ట్యూబులు ఐదు, రెండు పూతలకు పది. ఒక ట్యూబు కొని నలుగురు పంచుకుంటే ఎవరికీ తగ్గదు. మందు పనిచేయలేదని చెప్పేవాళ్ళ దగ్గర మేం మొదట అడిగేది ఎన్ని ట్యూబులు వాడారన్నదే.

రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టండి. అంతకుముందు స్నానం చేస్తే గోరువెచ్చని నీళ్ళు చాలు, ఒళ్ళు బాగా ఆరి చల్లబడాలి. ఉడుకునీళ్ళతో స్నానం చేసి, పీచుతో రుద్ది, పొక్కులు చితిపి పూయడం పాతకాలపు పద్ధతి. దానివల్ల మంట ఎక్కువ, మేలు లేదు. గోళ్ళు కత్తిరించండి.

పెద్దవాళ్ళు చెవి తమ్మె వెనక నుంచి, మెడ దగ్గర నుంచి అరికాళ్ళ దాకా పూయాలి. పొక్కులున్న చోట మాత్రమే కాదు, అంగుళం వదలకుండా ఒళ్ళంతా. పొక్కులు లేని చోట కూడా పురుగు ఉంటుంది. వదిలేసే చోట్లు ఎప్పుడూ ఇవే: వేళ్ళ సందులు, కాలివేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు లోపల, పిరుదుల మధ్య, మర్మాంగాలు, రొమ్ముల కింది మడత, వీపు మధ్య. వీపుకు ఇంకొకరి సాయం తీసుకోండి. గోళ్ళ కిందికి పాత టూత్‌బ్రష్‌తో పూస్తే బాగా వెళ్తుంది.

మన ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. మొలతాడు, చేతికి కట్టిన గుడి దారం, తాయెత్తు, గాజులు, మెట్టెలు, పసుపుతాడు. వీటి కింద చర్మాన్ని వదిలేస్తారు, పురుగుకు బాగా ఇష్టమైన చోట్లూ అవే. తీయగలిగినవి ఆ రాత్రికి తీసేయండి. తీయడానికి మనసొప్పనివి పక్కకు జరిపి కింద పూయండి. పాత మొలతాడు మార్చి కొత్తది కట్టండి.

అవ్వకు మాడు, చెవుల చుట్టూ, నుదురు కూడా కలిపి పూయండి. బిడ్డకు తల నుంచి పాదం దాకా పూయాలి, కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ వదిలేయాలి. చేతులు నోట్లో పెట్టుకోకుండా పలచటి నూలు సాక్సులు తొడగండి. పాలిచ్చే ముందు రొమ్ము మొనలు కడుక్కుని, పాలిచ్చాక మళ్ళీ పూసుకోండి. రాత్రి ఎవరైనా చేతులు కడుక్కున్నా, బిడ్డ డైపరు మార్చినా ఆ చోట మళ్ళీ పూయాలి. చేతులు కడుక్కుని మళ్ళీ పూసుకోకపోవడం చాలామంది చేసే పొరపాటు, పురుగులు ఎక్కువగా ఉండేది చేతుల్లోనే.

8 నుంచి 12 గంటలు ఉంచి, పొద్దున మామూలుగా స్నానం చేయాలి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పనిచేస్తుందనుకుని రోజూ పూయకండి. చర్మం మండి, ఆ మంటను గజ్జి అనుకుని మళ్ళీ పూస్తారు. రెండో పూత ఏడో రోజు, మళ్ళీ అందరికీ. మొదటి పూతకు తప్పించుకున్న గుడ్లు ఈలోగా పొదిగి ఉంటాయి, వాటి పిల్లలు ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. ఆ సమయం కోసమే ఈ ఏడు రోజులు.

అబ్బాయిని ఆ రాత్రికి ఇంటికి పిలిపించండి. శనివారం రాత్రి అయితే సులువు. వచ్చే శనివారం రెండో పూత అక్కడే వేసుకోగలడు, ట్యూబు ఇచ్చి పంపండి.

బట్టలు

పూత వేసుకున్న మర్నాడు, గత మూడు రోజుల్లో ఒంటిమీద ఉన్న బట్టలు, దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. 50 డిగ్రీల వేడి పది నిమిషాలు తగిలితే పురుగు, గుడ్లు రెండూ చస్తాయి. అంటే నీళ్ళు మరగనక్కర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే సరిపోతుంది. ఇస్త్రీ చేసినా అంతే. ఉతకలేని బొంతలు, కంబళ్ళు, స్వెట్టర్లు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పక్కన పెట్టండి. పరుపును ఎండలో వేసి దులపండి. ఇంటికి పురుగుల మందు కొట్టకండి, బిడ్డ పాకే నేల అది.

పూత వేశాక కూడా నవ ఉంటే

ఉంటుంది. పురుగు చచ్చినా దాని శవం, మలం చర్మం పొర రాలిపోయేదాకా అక్కడే ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాలు నవ రావడం సహజం. దీనికి కొబ్బరినూనె, కాలమైన్ లోషన్, డాక్టరు రాసిచ్చే సెట్రిజిన్ లాంటి మాత్ర చాలు. మర్మాంగాల మీద బుడిపెలైతే నెలల దాకా ఉండొచ్చు, అవి ఉన్నంత మాత్రాన పురుగు బతికి ఉందని కాదు. చూడాల్సింది రోజురోజుకూ తగ్గుతోందా లేదా అన్నది. రెండు వారాల తర్వాత కూడా కొత్త పొక్కులు, కొత్త గీతలు పుడుతుంటే, లేదా తగ్గి మళ్ళీ పెరిగితే, ఎవరికో పూత తప్పిందని లేదా బయటినుంచి మళ్ళీ అంటిందని అనుకుని డాక్టరుకు చూపించాలి.

మిగతా మందులు

ఐవర్‌మెక్టిన్ మాత్ర మంచి మందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. 2019లో ఈ మాత్రను గజ్జి కోసం అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. మోతాదు బరువును బట్టి: కిలోకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. అన్నం తిన్నాక వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. గుడ్లను చంపదు కాబట్టి వారం నుంచి రెండు వారాల్లోపు రెండో మోతాదు తప్పదు. 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వం. మీ బిడ్డకు వద్దు. హాస్టల్లో అబ్బాయికి క్రీము పూసుకునే చాటు లేకపోతే డాక్టరు మాత్ర రాస్తారు.

బెంజైల్ బెంజోయేట్ 25 శాతం లోషన్ చవక, పనిచేస్తుంది, కానీ గీరుకున్న చోట బాగా మండుతుంది. పిల్లలకు సమానంగా నీళ్ళు కలిపి వాడాలి. రెండు నెలల లోపు బిడ్డలకు గంధకం ఆయింట్‌మెంట్ మూడు రాత్రులు వరుసగా పూయిస్తాం. వాసన, మరకలు తప్ప దాంతో ఇబ్బంది లేదు. గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ లోషన్ పాత చీటీ చూపించి ఎవరైనా ఇస్తే తీసుకోకండి. చిన్నపిల్లల ఒంట్లోకి ఇంకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

వేపాకు, పసుపు ముద్ద, కానుగ నూనె అడిగారు. నవకు కాస్త ఉపశమనం ఉంటుంది, పురుగు పూర్తిగా పోతుందని వాటి మీద ఆధారపడలేం. క్రీము పూసే రాత్రి వీటిలో ఏదీ ఒంటి మీద ఉండకూడదు. కిరోసిన్, బ్యాటరీ నీళ్ళు, పొలానికి కొట్టే మందు నీళ్ళలో కలిపి రాయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కుక్క సంగతి

కుక్కలకు, ఆవులకు, మేకలకు వచ్చే గజ్జి పురుగు ఇదే జాతిలో వేరే రకం. మనిషి ఒంటి మీద అది సంతానం పెంచుకోలేదు. మన వైపు పాడి ఎక్కువ కాబట్టి, గజ్జి పట్టిన గేదెను పితికేవాళ్ళకు ముంజేతులు, తొడల మీద కొన్నాళ్ళు నవ రావడం ఉంది. పశువుకు వైద్యం చేయిస్తే తగ్గిపోతుంది. వేళ్ళ సందుల్లో సొరంగాలు ఉండవు. మీ కుక్కకు బొచ్చు రాలడం, చెవుల అంచున పొక్కు కట్టడం లేకపోతే దాన్ని లోపలికి రానివ్వండి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

గీరిన చోట స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ బాక్టీరియా చేరితే చీము పట్టి, తేనె రంగు పొక్కులు కడతాయి. అప్పుడు ముందు యాంటీబయాటిక్, వెంటనే గజ్జి మందు. పిల్లల్లో ఇలాంటి చీము గజ్జి వచ్చిన మూడు నుంచి ఆరు వారాలకు కొందరికి కిడ్నీలు దెబ్బతింటాయి. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ, ముఖం ఉబ్బడం, మూత్రం తగ్గి ఎర్రగా రావడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మం మానింది కదా అని దీన్ని గజ్జితో ముడిపెట్టరు. పాపను ఈ రెండు నెలలు కాస్త గమనించండి.

అవ్వ విషయంలో ఇంకొకటి. షుగరు ఉండి, మంచానికే పరిమితమైనవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, స్పర్శ తెలియనివాళ్ళలో ఒక్కోసారి గజ్జి వేరే రూపం ఎత్తుతుంది. అరచేతులు, మోచేతులు, మాడు మీద మందంగా పొలుసులు కడతాయి, నవ తక్కువ ఉంటుంది, సొరియాసిస్ అనే వేరే చర్మవ్యాధి అనుకుంటారు. పైన చెప్పిన పదీ పదిహేను లెక్క ఇక్కడ వర్తించదు, పురుగులు వేల నుంచి లక్షల్లో ఉంటాయి. రాలిన పొలుసు ద్వారా కూడా అంటుకుంటుంది. దీనికి క్రీముతో పాటు చాలా మోతాదుల ఐవర్‌మెక్టిన్, పొలుసు కరిగించే మందు కావాలి, ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. అవ్వకు అరచేతుల్లో అలాంటి పొలుసులున్నాయేమో ఒకసారి పట్టుకుని చూడండి.

ఇక హాస్టలు. పూత వేసుకుని స్నానం చేసిన మర్నాటి నుంచి అబ్బాయి తరగతికి వెళ్ళొచ్చు, చదువు మానిపించనక్కర్లేదు. కానీ అతని గదిలో పక్కపక్కనే పడుకునే పిల్లలందరికీ అదే వారంలో మందు వేయకపోతే అతను మళ్ళీ తెచ్చుకుంటాడు. వార్డెనుతో మాట్లాడేటప్పుడు మీ అబ్బాయికి వచ్చిందని కాకుండా, గదిలో ఎంతమంది గీరుకుంటున్నారో చూడమని అడగండి. సాధారణంగా ఒక్కడే ఉండడు. ప్రభుత్వ హాస్టలైతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే బృందం చూడాల్సిన వాటిలో గజ్జి కూడా ఉంది, వార్డెను వాళ్ళకు కబురు చేయొచ్చు. ప్రైవేటు హాస్టలైతే గదిలో పిల్లల అమ్మానాన్నలు ఫోనులో మాట్లాడుకుని ఒక శనివారం రాత్రి అనుకోవడం తప్ప దారి లేదు. ఆ గదిలో దుప్పట్లు, తువ్వాళ్ళు, లుంగీలు మార్చుకోవడం ఆపాలి, మంచాల మధ్య మూరెడు ఎడం ఉన్నా చాలు. బిడ్డకు పూసేటప్పుడు ఏదైనా సందేహం వస్తే ఇక్కడే రాయండి, బరువు కూడా రాస్తే మోతాదు సరిచూసి చెప్తాను.